ఏటిపాలకు అంటించిన దూది

సంక్రాంతితో మొదలయ్యే తై నెల చివర్లో ఒక ఉదయం సేత్తూరు నుంచి ఆండాళు చిన్నమ్మ ఫోన్ చేసింది. ఆమె ఫోన్‌లో మాట్లాడదు, అరుస్తుంది. అవతలివాళ్లు ఎంత దూరంలో ఉంటే అంత గట్టిగా అరవాలని ఆమె నమ్మకం. "పాపా, ఏటిగట్టుకు సిమెంటు పోస్తారంట. నా చెట్లు రెండూ పోతాయి. నువ్వు వచ్చి రెండు పుల్లలు కోసుకోని పో. ఈ వారం లోపల రా, తరవాత నన్ను అడగొద్దు" అని పెట్టేసింది. నాకు అరవై మూడేళ్లు. ఆడపిల్లల బడిలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరై ఇంట్లో కూర్చున్నాను. నన్ను ఇంకా పాప అని పిలిచే మనిషి ఈ భూమ్మీద ఆమె ఒక్కతే మిగిలింది. ఆమె మా నాయన తమ్ముడి మొదటి భార్య. రాజపాళయంలో మా ఇంట్లో ఏడేళ్లు కాపురం చేసి, నాకు పన్నెండో ఏడు నడుస్తుండగా సేత్తూరులోని పుట్టింటికి వెళ్లిపోయింది. ఆమె వెళ్లిపోవడానికి నేను కూడా ఒక కారణమని యాభై ఏళ్లుగా లోపల ఒక ముల్లు. పెళ్లిళ్లలో కలిశాం, చావుల్లో కలిశాం, ఆమె గుమ్మంలో కూర్చుని ఎన్నోసార్లు కాఫీ తాగాను. ఆ మాట మాత్రం ఎప్పుడూ నోటిదాకా వచ్చి ఆగిపోయేది. చెట్లు కూడా పోతున్నాయంటే ఇంక ఈసారి చెప్పక తప్పదనుకున్నాను.

ఆమె చెట్లంటే ఏటిపాలలు. మా ఊళ్లో తమిళంవాళ్లు ఆత్తుపాలై అంటారు. ఇంగ్లీషు పుస్తకాల్లో విల్లో అని చదువుతామే, ఆ కుటుంబంలోది. దాని చుట్టాలందరూ చలిదేశాల్లో ఉన్నారు. ఇది మాత్రం మా పడమటి కొండల వాగుల పక్కన, కాళ్లు నీళ్లలో పెట్టుకుని హాయిగా బతుకుతుంది. వదిలేస్తే చెట్టవుతుంది, ఏటా నరికితే పొదగానే ఉండిపోతుంది. ఆకు సన్నగా, పొడుగ్గా, పైన ముదురాకుపచ్చ, కింద తెలుపు. ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, కనుమలోంచి గాలి వీచిందంటే పొద పొదంతా ఒక్కసారిగా తెల్లబడి మళ్లీ పచ్చబడుతుంది. చిన్నప్పుడు బావి గట్టు మీద కూర్చుని ఆ వేడుక చూస్తూ నేను బడికి ఆలస్యమైన రోజులున్నాయి. మా అమ్మ నా వీపు మీద వేసిన చరుపుల్లో సగం ఆ పొద పుణ్యమే.

ఆ పొద మా ఇంటి పెరట్లోకి ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మాది ఆస్పత్రులకు కట్టుగుడ్డ, దూది తయారుచేసే ఇల్లు. ఫ్యాక్టరీ అంటే పెద్ద మాట. ఇంటి వెనక రేకుల కొట్టం, రెండు రాగి బానలు, మూడు సిమెంటు తొట్లు, దాని వెనక ఎండబెట్టుకునే మైదానం, అంతే. బానల్లో గుడ్డను, దూదిని సోడా వేసి ఉడికించి, తొట్లలో బ్లీచింగు పౌడరు నీళ్లలో నానబెట్టి, కడిగి, ఎండలో పరిచేవాళ్లు. ఇంట్లో అన్నానికీ బ్లీచింగు వాసనే, నా పరికిణీకీ ఆ వాసనే. బడిలో నా పక్క పిల్ల నన్ను ఆస్పత్రి అని పిలిచేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆడవాళ్లంతా వసారాలో బాసిపట్లు వేసుకుని, కట్టుగుడ్డ పట్టీలను మోకాలి మీద పెట్టి చుట్టలు చుట్టేవాళ్లు. కబుర్లు ఎక్కువైతే చుట్ట వదులయ్యేది. అప్పుడు మా అవ్వ, అంటే నాయన తల్లి, "నోరు బిగిస్తే చుట్ట బిగుస్తాది" అని అక్కడినుంచే అదిలించేది.

ఆ ఇంటికి నిజమైన యజమాని అవ్వే. దూది ఉడికిందా లేదా అన్నది ఆమె ఒక్కతే తేల్చేది. ఆ పరీక్ష ఊళ్లో ఆ పనిచేసే వాళ్లందరికీ తెలిసిందే గానీ, అవ్వ చేస్తుంటే పూజలా ఉండేది. ఎండిన దూదిలోంచి చిటికెడు తుంచి, ఇత్తడి తంబ్లర్‌లో నిండుగా నీళ్లు పోసి, పైన మెల్లగా వదిలేది. వేళ్లు ముడుస్తూ లెక్కపెట్టేది. అయిదు వేళ్లు ముడిచే లోపల దూది మునిగితే సరే, ఆస్పత్రికి పోవచ్చు. తేలితే మళ్లీ బానలోకి. పచ్చిదూదికి పుట్టుకతోనే ఒక జిడ్డు ఉంటుంది, అది నీటిని దగ్గరికి రానివ్వదు. ఆ జిడ్డు పోయేదాకా ఉడికిస్తేనే అది రక్తాన్ని పీల్చుతుంది. ఇదంతా నేను కాలేజీలో నేర్చుకున్నాను. అవ్వకు ఈ వివరం అక్కర్లేదు. ఆమెకు దేవుడి మీద ఎంత నమ్మకమో తెలియదు గానీ తంబ్లర్ మీద మాత్రం పూర్తి నమ్మకం. పాలవాడు తెచ్చిన పాలు, చెట్టియారు కొట్లో కొన్న పసుపు, కొత్త చీర రంగు, అన్నీ ఆ తంబ్లర్‌లో పడి నిగ్గు తేలాల్సిందే.

ఆండాళు చిన్నమ్మ సేత్తూరులో సేద్యం చేసే ఇంటి పిల్ల. పెళ్లయిన మొదటి ఆడి నెలకు కొత్తకోడలిని పుట్టింటికి పంపే ఆచారం మాకుంది. నెల గడిచాక తిరిగి వస్తూ ఆమె అందరిలా మురుకుల డబ్బా, చీరలు తేవడమే కాక, ఇత్తడి చెంబులో నిలబెట్టి పెన్సిలంత లావున్న ఒక పుల్ల కూడా తెచ్చింది. బస్సులో దారి పొడుగునా చెంబును ఒళ్లో పెట్టుకుని కూర్చుందట. "మా ఏటిగట్టు చెట్టు అత్తా. తైలో కాయ పగిలితే గాలంతా పంజు ఎగురుతాది. మీ ఇంటికి దూదే కదా తిండి పెట్టేది, అందుకని తెచ్చినాను" అంది అవ్వతో. అవ్వకు ఆ మాట ఎంత నచ్చిందంటే, కొత్తకోడలి మొదటి తప్పులు మూడు నాలుగు మన్నించేసింది. పంజు అంటే దూదే. దూది కాసే చెట్టు దూది ఇంటికి కోడలితోపాటు వచ్చిందని వీధంతా చెప్పుకుంది.

చిన్నమ్మ దాన్ని నాటిన తీరు నా కళ్లముందే ఉంది, అప్పటికి నాకు అయిదేళ్లే అయినా. చెంబులోనే పదిహేను రోజులుంచింది. పుల్ల కింది కొసన తెల్లటి మొటిమల్లాంటివి లేచి, వాటిలోంచి వేళ్లు వచ్చాయి. బట్టలుతికే బండ నుంచి నీళ్లు పారే మూలన మూరెడు గొయ్యి తీసి, ఏటి ఇసుక, పేడ ఎరువు కలిపి, పుల్లను కొంచెం ఏటవాలుగా నాటి, రెండు కణుపులు మాత్రమే పైకి కనిపించేలా మట్టి కప్పింది. కొట్టం నీళ్లు అటు రాకుండా చిన్న కట్ట వేసింది, బ్లీచింగు తగిలితే చచ్చిపోతుందని. మొదటి ఏడే అది నా తలను దాటింది. రెండో ఏడు నుంచి ఆకు రాలగానే కొడవలితో నడుమెత్తుకు నరికేది, కానీ అన్ని కొమ్మలూ కాదు. సగం ఈ ఏడు, మిగతా సగం వచ్చే ఏడు. "అంతా ఒక్కసారే కోస్తే దానికి కోపం వస్తాది" అనేది. నరికిన చోట గుత్తులుగా లేచే సన్నటి బెత్తాలను నీళ్లలో నానబెట్టి బుట్టలు అల్లేది. మా కట్టుగుడ్డ చుట్టలన్నీ ఆ బుట్టల్లోనే కొట్టం నుంచి వసారాకు వచ్చేవి. జ్వరమొస్తే ఆ బెరడునే ఉడికించి నా నోట్లో పోసేది. ఆ చేదు ఇప్పటికీ నా నాలుక వెనకాల ఎక్కడో ఉంది.

మూడో ఏడు కార్తిగలో పొద పూసింది. వేలంత పొడుగు కంకులు, పసుపురంగు నూగుతో, తేనె వాసనతో వేలాడాయి. తేనెటీగలు ఎన్ని మూగాయంటే బట్టలుతకడానికి అమ్మ భయపడింది. అందరూ తై కోసం ఎదురుచూశారు. కంకులు ఎండి, రాలి, బండ మీద పడ్డాయి. చిన్నమ్మ వాటిని ఊడ్చేసింది. పంజు లేదు. నాలుగో ఏడూ అంతే, అయిదో ఏడూ అంతే. చిన్నమ్మకు కడుపు పండలేదు కూడా. ఈ రెండింటినీ మొదట ఎవరు ముడిపెట్టారో నాకు తెలియదు, వసారాలో చుట్టలు చుట్టే చేతుల మధ్య ఎక్కడో ఆ ముడి పడింది. "పూసేది ఉండాది, కాసేది లేదు" అని అవ్వ ఒకరోజు పొదవైపు చూస్తూ అంది. పొదకు పక్కనే చిన్నమ్మ బట్టలు పిండుతోంది. ఆమె పిండడం ఆపలేదు.

నాకు ఆమె అంటే ప్రాణం. అమ్మకు చంకలో తమ్ముడు, చేతిలో చెల్లెలు. నా తల దువ్వింది, నాకు ఏటి కథలు చెప్పింది, బుట్ట అల్లడం నేర్పింది చిన్నమ్మే. అందుకే నాకు పదకొండో ఏడున, తై నెలలో, అవ్వ చిన్నాయనతో చెప్పిన మాట తలుపు పక్కన నిలబడి పూర్తిగా విన్నాను. "ఈ నెల దాకా చూస్తాను. పంజు రాకపోతే చెట్టును కొట్టేస్తాను. వేరే పిల్లను కూడా చూస్తాను. నువ్వు అడ్డం చెప్పొద్దు" అంది అవ్వ. మా చిన్నాయన మంచివాడే. మంచితనమంతా మాట్లాడకుండా ఉండడంలోనే ఉందనుకునే రకం. తల వంచుకుని కాఫీ గ్లాసులోకి చూశాడు. నాకు తెలిసినంతలో లెక్క సులువుగా ఉంది. పంజు రావాలి. వస్తే చిన్నమ్మ ఉంటుంది. మా ఇంట్లో లేనిది అన్నం కావచ్చు, దూది కాదు గదా.

మర్నాడు దీపాలు పెట్టే వేళ, అందరూ ముందుగదిలో ఉండగా, మైదానంలో ఎండిన దూదిలోంచి ఒడినిండా తీసుకుని పెరట్లోకి పోయాను. మధ్యాహ్నం మిగిలిన అన్నం మెతుకులు పిసికి ముద్ద చేసి దాచుకున్నాను. బావివైపు కొమ్మల చివర్లలో, ఆకుల సందుల్లో, ఇరవై ముప్పై చోట్ల మెతుకు రాసి దూది తునకలు అంటించాను. పిల్లలకు ముప్పై ఏళ్లు పాఠం చెప్పినదాన్ని, ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది. కంకి లేని చోట కాయ, కాయ లేకుండా పంజు! కానీ ఆ పూట అది లోకంలోకెల్లా అందమైన పని. చేతులు కడుక్కుని పోయి పడుకున్నాను. మా అవ్వ తంబ్లర్ సంగతి గుర్తొచ్చింది పొద్దున్నే, ఆమె పెరట్లోంచి కేక పెట్టాక.

అందరం పరిగెత్తాం. అవ్వ పళ్లపొడి చేత్తోనే పొద ముందు నిలబడి ఉంది. ముఖంలో సంతోషం, అనుమానం రెండూ ఉన్నాయి. "ఆండాళూ, తంబ్లర్‌లో నీళ్లు తీసుకోని రా. ఎవురన్నా మన పంజునే తెచ్చి పెట్టినారేమో చూస్తాము" అంది. మా దూది మునుగుతుంది. మునగడానికే దాన్ని ఉడికించింది. చిన్నమ్మ తంబ్లర్ తెచ్చి బండ మీద పెట్టింది. ఆమె అప్పటికే తలకు నూనె పెట్టి జడ వేసుకుని, బావిలో నీళ్లు తోడడం ముగించి ఉంది. అవ్వ కొమ్మ చివరి నుంచి ఒక తునక తీసి నీళ్ల మీద వదిలింది. ఒక వేలు ముడిచింది. రెండు. మూడు. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచి చూస్తే అవ్వ రెండో చేతి వేళ్లు కూడా ముడుస్తోంది, దూది నీళ్ల మీద బాతుపిల్లలాగా తేలుతూనే ఉంది. అవ్వ ఇంకో తునక వేసింది. అదీ తేలింది. "పచ్చి పంజే! చెట్టుదే!" అని అవ్వ రెండు చేతులూ జోడించింది. నేను కూడా జోడించాను. పైనున్న ఆండవన్ నా తప్పును క్షమించి, నేను అంటించినదాన్నే నిజం చేసేశాడని నిజంగా నమ్మాను.

ఆ ఏడాది చిన్నమ్మ ఇంట్లో రాణిలా ఉంది. అవ్వ ఆమెతో కలిసి తినేది, శ్రీవిల్లిపుత్తూరు గుడికి వెంటబెట్టుకుని పోయేది, బరువు బుట్టలు ఎత్తనిచ్చేది కాదు. ఇంకో పిల్ల మాట ఎవరి నోటా రాలేదు. నెలనెలా అవ్వ ఆమె ముఖం వైపు చూసే చూపు మాత్రం నాకు భయంగా ఉండేది. ఆ చూపును తెచ్చింది నేనే. మళ్లీ తై వచ్చేసరికి, దేవుడు నడిపిస్తున్నాడు గదా, ఈసారి పంజు దానంతటదే వస్తుందని ధీమాగా ఉన్నాను. రాకపోతే ఎలాగూ నేనున్నాను. సరిగ్గా ఆ నెలలోనే నేను పెద్దమనిషినయ్యాను. మా వాళ్ల ఆచారం ప్రకారం నన్ను వెనకగదిలో కొత్త చాప మీద కూర్చోబెట్టారు, పదహారు రోజులు గడప దాటకూడదు. వేళకు పిండివంటలు పెట్టేవాళ్లు, నువ్వులనూనె, పచ్చిగుడ్డు తాగించేవాళ్లు. పెరడు గోడకు అవతలే ఉంది, నేను చూడలేను. తొమ్మిదో రోజో పదో రోజో గొడ్డలి దెబ్బలు వినిపించాయి. పచ్చి కొమ్మ మీద గొడ్డలి చప్పుడు మెత్తగా ఉంటుంది. ఎన్ని దెబ్బలో నేను లెక్కపెట్టలేదు, చెవులు మూసుకుని ఏడ్చాను. ఆడపిల్ల ఊరికే ఏడుస్తుందని, ఈ సమయంలో అలాగే ఉంటుందని అమ్మ వచ్చి ఇంకో లడ్డు పెట్టింది.

ఆ తరవాత నాలుగైదు రోజులకు చిన్నమ్మ గుమ్మం దగ్గరికి వచ్చింది. పిల్లలు లేని మనిషి ఆ సమయంలో నా గదిలోకి రాకూడదన్నారు, ఆమె రాలేదు. గడపకు అవతల నుంచే, ఏటిపాల బెత్తాలతో అల్లిన గుప్పెడంత బుట్టను నావైపు జరిపి, "పిన్నులు పెట్టుకో పాపా" అంది. అంతే. నా పదహారు రోజులు ముగిసి నేను బయటికి వచ్చేసరికి ఆమె సేత్తూరులో ఉంది. బట్టల బండ పక్కన మొద్దు మాత్రం మిగిలింది. దాన్ని కూడా పెకిలించి బాన కింద పొయ్యిలో పెట్టారు. ఎండాకాలం చివర, వైగాసి నెలలో చిన్నాయనకు రెండో పెళ్లి చేశారు. ఆ చిన్నమ్మకూ పిల్లలు పుట్టలేదు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనలేదు, అవ్వ అసలు అనలేదు.

కాలేజీలో రెండో ఏడు, మా మేడమ్ ఈ కుటుంబం మొక్కల గురించి చెబుతూ, వీటిలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు అంది. మగకంకిలో పుప్పొడి తిత్తులు, ఆడకంకిలో కాయలు. ఒకే చెట్టు నుంచి పుల్ల నాటితే తల్లిచెట్టు ఏదో పిల్లా అదే. పసుపు నూగు, తేనె వాసన, తేనెటీగలు అని ఆమె వర్ణిస్తుంటే నాకు మా పెరడంతా కనబడింది. మా పొద మగది. వెయ్యేళ్లున్నా అది పంజు ఇచ్చేది కాదు. చెట్లను మనుషులతో పోల్చొద్దని నా పిల్లలకు నేను గట్టిగా చెప్పేదాన్ని, పరీక్షలో అలా రాస్తే మార్కులు కోసేదాన్ని. ఆ రోజు మాత్రం బెంచీ మీద తల పెట్టుకుని చిన్నమ్మను, చిన్నాయనను తలచుకుని ఏడ్చాను. పంజు ఎందుకు తేలిందన్నది మాత్రం అంతుపట్టలేదు. మెతుకు జిగురు ఎండి పైన పొరలా కట్టి ఉంటుందని ఒక సిద్ధాంతం చేసుకున్నాను. అది నాకే సరిగ్గా నచ్చేది కాదు.

ఈ తైలో సేత్తూరుకు బస్సులో పోయాను. ఒకప్పుడు దారికిరువైపులా పత్తి, వరి ఉండేది. ఇప్పుడు మామిడితోటలు, వాటి మధ్య ఇళ్ల ప్లాట్లకు రంగు వేసిన హద్దురాళ్లు. రాజపాళయంలో మా రేకుల కొట్టం పోయి చాలా కాలమైంది. ఆ స్థలంలోనే నా ఇల్లు. కట్టుగుడ్డ చుట్టలు ఇప్పుడు యంత్రాలు చుడతాయి, అవి నోరు బిగించే ఉంటాయి. మా బావిలో నీళ్లు లేవు, దాని నోటికి ఇనుప వల వేయించాను. నీళ్లలో కాళ్లు పెట్టుకుని బతికే చెట్టును తీసుకుపోయి ఎక్కడ పెట్టాలి? బస్సు కిటికీ దగ్గర కూర్చుని ఇదే ఆలోచన. ఏసీ గొట్టంలోంచి చుక్కలు కారే చోట ఒక తొట్టి పెడితే సరిపోతుందని, ఊరు దగ్గరపడేసరికి తేల్చుకున్నాను.

చిన్నమ్మ డెబ్బై అయిదు దాటినా నడుం వంగలేదు. తమ్ముడి పొలం అంచున, ఏటి పక్కన ఒంటిగది కట్టుకుని, ఇన్నేళ్లూ పూలవాళ్లకు, మామిడిపళ్లవాళ్లకు బుట్టలల్లి బతికింది. ఆమె చెట్లు రెండూ పక్కపక్కనే ఉన్నాయి, ఏటా నరుకుడుతో నడుమెత్తు పొదలుగా. ఒకటి ఆకులు వేస్తోంది. రెండోదాని కాయలు పగిలి, తెల్లటి నూగు కొమ్మల నిండా పట్టి, గాలికి ఏటి మీదుగా పోతోంది. ఆ గింజకు ఓపిక లేదు, కొద్దిరోజుల్లో తడిమట్టి దొరక్కపోతే చచ్చిపోతుంది. గట్టు పొడుగునా అప్పుడే ముగ్గుతో గీతలు గీసి ఉన్నాయి, సిమెంటు గోడ కోసం. చిన్నమ్మ బండ మీద కూర్చుని పుల్లలు కోస్తోంది. కింద ఏటవాలుగా, పైన తిన్నగా, తలకిందులు కాకుండా గుర్తుకు.

"చిన్నమ్మా, నీకు ఒక సంగతి చెప్పాలి. ఆ ఏడు మన పొదకు పంజు వచ్చినాది చూడు, అది నేను అంటించినదే" అన్నాను. అన్నాక ఆమె ముఖం చూడలేక ఏటివైపు చూశాను.

కత్తి ఆగలేదు. "మెతుకుతోనే కదా?" అంది.

"మెతుకుతో."

"అదే చూడు. నీళ్లు తోడను పోతే చీమలు బారు కట్టుండాయి. ఏంటిదిరా అని చూస్తే పంజు. ముక్కు దగ్గర పెట్టుకుంటే బ్లీచింగు వాసన. ఏడేళ్లు ఆ ఇంట్లో ఉండినాను, నాకు తెలియకుండా పోతాదా? మీ అమ్మకు ఆ పని చేసే తీరిక లేదు, మీ చిన్నాయనకు ధైర్యం లేదు. ఇంకెవురు చేస్తారు?"

"మరి తంబ్లర్‌లో తేలినాదే!"

ఆమె కత్తి కింద పెట్టి, నెరిసిన జడను అరచేత్తో పైనుంచి కిందికి ఒకసారి రాసి, ఆ చెయ్యి నా ముందు పెట్టింది. అరచెయ్యి నూనెతో మెరుస్తోంది. "ముందే తంబ్లర్‌లో ఏసి చూసినాను. టక్కుమని మునిగినాది. మీ అవ్వ తంబ్లర్ అడగకుండా ఉండదని నాకు తెలుసు. అందుకే చీమల్ని దులిపి, ఒక్కొక్క తునకనూ పీకి, తలకు పెట్టుకున్న నూనె చేత్తో నలిపి మళ్లీ అంటించినాను. ముప్పై ఉండినాయి. చెయ్యి నొప్పి పుట్టినాది. సుమ్మా ఊరికే పది పెట్టుంటే చాలు కదా నువ్వు!"

నేను నవ్వానో ఏడ్చానో నాకే తెలియదు. యాభై ఏళ్లుగా మోసిన తప్పును ఒక నూనె చెయ్యి తుడిచేసింది. "ఎందుకు చిన్నమ్మా? నాకు దెబ్బలు పడతాయనా?"

"దెబ్బలకేమి, పడతాయి, పోతాయి" అంది. తరవాత కొంచెంసేపు ఏటి మీద పోతున్న నూగును చూసింది. "ఆ ఇంట్లో నా కోసం ఎవురూ ఒక్క మాట మాట్లాడలేదు పాపా. కట్టుకున్నవాడు కూడా. పదకొండేళ్ల బిడ్డ మెతుకులు పిసికినాది. దాన్ని మునగనిస్తానా?"

"నేను ఆ పని చేయకపోయుంటే అవ్వ అంత ఆశ పెట్టుకోదు. అంత ఆశ లేకపోయుంటే నిన్ను అట్ల పంపించి ఉండదు" అన్నాను. ఇదే నా అసలు ముల్లు.

"ఎవురు పంపించినారు నన్ను?" చిన్నమ్మకు నిజంగా కోపం వచ్చింది. "నేనే వచ్చినాను. నువ్వు ఇచ్చిన ఆ ఏడులో ఆడికి ఇక్కడికి వచ్చినాను కదా, తరవాత కార్తిగలో మా తమ్ముడి పెళ్లికి కూడా వచ్చినాను. ఏటిగట్టు అంతా తిరిగి చూసినాను. పంజు పెట్టే చెట్టు వేరే, పసుపు పూసే చెట్టు వేరే. నేను తీసుకోని పోయింది పసుపుది. చెట్టు మీద తప్పు లేదు, దానికి జత లేదు, అంతే. పోయి మీ చిన్నాయనతో చెప్పినాను. మదురై ఆస్పత్రికి ఇద్దరమూ పోతాము, ఇద్దరినీ చూస్తారు అన్నాను. మూడు దినాలు ఏమీ మాట్లాడలేదు. చెట్టు కొట్టే దినం కూడా మాట్లాడలేదు. నేనే గొడ్డలి కింద నుంచి నాలుగు పుల్లలు ఏరుకోని, తడిపిన కట్టుగుడ్డ చుట్టి, బస్సెక్కినాను. అదో, ఆ ఆకులేసే పొద మీ ఇంటిదే. పక్కనది ఇక్కడిది. జత పెట్టినాను."

నేను ఎన్నిసార్లు ఆ పొద పక్కన కూర్చున్నానో! ఆకు చూశాను, పువ్వు చూశాను, శాస్త్రం పేరు చెప్పాను, బడిపిల్లలను తీసుకొచ్చి చూపించాను కూడా. అది మా బట్టల బండ పక్కన నేను మెతుకులు అంటించిన పొదేనా అని అడగాలని తోచలేదు. లేచి పోయి దాని మొదలును పట్టుకున్నాను. ఏడ్చాను, దాచుకోలేదు. చిన్నమ్మ కూడా వద్దనలేదు, తన పని తాను చేసుకుంది. గోడ కట్టేవాళ్లు వచ్చేది ఎల్లుండి అట. నువ్వు ఇంకో చోట నాటుకోవా అంటే, "నీకు ఇస్తా ఉండాను కదా" అంది.

రెండు పొదల నుంచి రెండేసి పుల్లలు కోసి, తడిబట్టలో చుట్టి, మగదానికి ఎర్రదారం, ఆడదానికి తెల్లదారం కట్టింది. "దగ్గర దగ్గర పెట్టు. ఎండాకాలం రోజూ నీళ్లు. మొదటి ఏడు కోయొద్దు" అని చెప్పి, కాయల కొమ్మ నుంచి పిడికెడు నూగు తీసి కాగితంలో మడిచి నా సంచిలో పడేసింది. "ఇది ఎందుకు, గింజ వారం కూడా ఉండదే" అన్నాను. "టీచరమ్మా, ఊరికే తీసుకోని పో" అంది.

ఇంటికి వచ్చి పుల్లలను సీసాలో నిలబెట్టాను. ఏసీ గొట్టం కింద తొట్టి కడిగి పెట్టాను. మొటిమలు లేచాక నాటాలి. కాళ్లు కడుక్కుని కూర్చున్నాక కాగితం పొట్లం గుర్తొచ్చింది. అవ్వ తంబ్లర్ ఇప్పుడు నా దగ్గరే ఉంది, గూట్లో, చింతపండుతో తోమక నల్లబడి. దాన్ని తీసి, నిండుగా నీళ్లు పోసి, చిటికెడు నూగు మెల్లగా వదిలాను. వేళ్లు ముడిచాను. అయిదు, పది. మళ్లీ మొదలుపెట్టాను. అంతలో ఫోన్ మోగింది.

"చేరినావా?" అని అరిచింది చిన్నమ్మ. "తంబ్లర్‌లో ఏసి చూసినావా?"

"ఏసినాను."

"మునిగినాదా?"

"లేదు చిన్నమ్మా. తేలతా ఉండాది."

"చూడు మరి. ఈసారి నేను నూనె పెట్టలేదు" అని పెట్టేసింది.